రోగిని చూడని క్లినికల్ చదువు

బ్రోచర్ మీద 'ఎం.ఎస్సీ. క్లినికల్ సైకాలజీ' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఫీజు ఎంతో ఉంటుంది, క్లాస్‌రూమ్ ఫొటో ఉంటుంది, ఏసీ సెమినార్ హాలూ ఉంటుంది. ఈ రెండేళ్లూ అయ్యాక మీ అమ్మాయి క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవచ్చా లేదా అన్న ఒక్క ముక్క మాత్రం చాలా చోట్ల ఉండదు. ఆ సంగతి పిల్లలకు చదువు అయిపోయాక, ఏ ఆసుపత్రికో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, అవతలివాళ్లు 'మీ సీఆర్ఆర్ నంబరు (క్లినికల్ సైకాలజిస్టుగా రిజిస్టర్‌లో నమోదైన నంబరు) చెప్పండి' అన్నప్పుడు తెలుస్తోంది. అప్పటికి ఇంట్లోవాళ్లు అప్పో సప్పో చేసి కట్టిన డబ్బు పోయి ఉంటుంది, రెండేళ్ల వయసూ పోయి ఉంటుంది. ఇది పిల్లల తప్పు కాదని, వాళ్లకు ముందే చెప్పాల్సిన బాధ్యత యూనివర్సిటీలది, ప్రభుత్వాలదేనని మేం గట్టిగా నమ్ముతున్నాం.

సైకియాట్రిస్టు వేరు, సైకాలజిస్టు వేరు, మందులు రాసేది ఎంబీబీఎస్ మీద ఎండీ చేసిన డాక్టరు అన్నంతవరకు ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆ తర్వాతే గందరగోళం. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే కేంద్ర చట్టబద్ధ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, ఆమోదించిన కోర్సు చదివి దాని రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి, సీఆర్ఆర్ నంబరు అక్కడ వచ్చేదే. ఇన్నాళ్లూ దానికి ఉన్న రాజమార్గం సైకాలజీలో పీజీ, దాని మీద రెండేళ్ల ఎం.ఫిల్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆ రెండేళ్ల ఫుల్‌టైమ్ చదువునీ, అందులో సీనియర్ల పర్యవేక్షణలో జరిగే క్లినికల్ శిక్షణనీ నిర్వచనంలోనే పెట్టింది. 2022లో యూజీసీ ఎం.ఫిల్‌నే ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం గడువు ఇచ్చి 2025-26 దాకా పొడిగించింది. ఈలోగా ఆర్‌సీఐ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ పేరుతో రెండేళ్ల కొత్త కోర్సుకు సిలబస్ తయారుచేసింది. మంచిదే, పీజీ మీద మళ్లీ రెండేళ్లు చదివే స్తోమత అందరికీ ఉండదు. చిక్కల్లా పేరుతోనే వచ్చింది. ఆర్‌సీఐ ఆమోదం ఉన్న కోర్సు పేరూ, ఎప్పటినుంచో ఏ ఆమోదం లేకుండా నడుస్తున్న కోర్సుల పేరూ ఇంచుమించు ఒకటే. మెదక్‌లోనో నరసాపురంలోనో ఉన్న ఒక తండ్రి ఆ రెండింటికీ తేడా ఎలా కనిపెట్టాలి?

తేడా ఎక్కడుందో చెప్పాలంటే ఆసుపత్రి గదిలోకి వెళ్లాలి. తెలివితేటల పరీక్ష కోసం ఎనిమిదేళ్ల పిల్లాడిని తీసుకొచ్చారు, వికలాంగ సర్టిఫికెట్‌కి ఆ రిపోర్టు కావాలి. బల్ల మీద ఎరుపు, తెలుపు రంగుల చెక్క దిమ్మెలు, పక్కన కార్డు మీద బొమ్మ, దిమ్మెలు పేర్చి ఆ బొమ్మ రావాలి. ట్రైనీ స్టాప్‌వాచ్ చూసుకుంటూ సెకన్లు రాసుకుంటోంది. పిల్లాడు ఓడిపోయాడు, స్కోరు తక్కువ వచ్చింది, రిపోర్టు రాసేయొచ్చు. వెనక కూర్చున్న సూపర్‌వైజరు అడుగుతారు: 'టైమ్ సరిగ్గానే రాశావు. వాడు ఒక్కో దిమ్మె పెట్టేముందు వాళ్లమ్మ మొహం వైపు ఎందుకు చూశాడు?' తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టి, పిల్లాడితో నాలుగు మాటలు ఆడి, భయం పోయాక చేయిస్తే వాడి చేతులు వేరేలా కదలొచ్చు. ఆ పిల్లాడికి జీవితాంతం అంటుకునే ఒక అంకె ఆ అరగంటలో తేలుతుంది. ఇలా వెనక ఒకరు కూర్చుని ప్రశ్నించే చదువునే క్లినికల్ చదువు అంటారు. పాఠాలు ఎన్ని విన్నా, పవర్‌పాయింట్లు ఎన్ని చూసినా ఆ ప్రశ్న దానంతటది పుట్టదు.

భాష సంగతి ఇంకా పెద్దది. మన ఓపీలకు వచ్చేవాళ్లు డిప్రెషన్ అనో యాంగ్జైటీ అనో చెప్పుకోరు. గుండె దడగా ఉందంటారు, ఒంట్లో సత్తువ లేదంటారు, తల మీద ఏదో బరువు పెట్టినట్టుందంటారు, నరాల బలహీనత అంటారు. కొడుక్కి గాలి సోకిందని ఒక తల్లి చెబితే, అదేం లేదమ్మా అని ఒక్క ముక్కలో కొట్టిపారేసిన రోజు ఆమె మళ్లీ ఆ గడప తొక్కదు. ఆమె నమ్మకాన్ని నొప్పించకుండా, పిల్లాడు ఎన్నాళ్లనుంచి నిద్రపోవడం లేదో, ఎప్పటినుంచి తనలో తాను మాట్లాడుకుంటున్నాడో అడిగి తెలుసుకోవడం ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్‌లో దొరికే విద్య కాదు. తెలుగువాళ్లు వచ్చే వార్డులో, తెలుగు వచ్చిన గురువు దగ్గర నేర్చుకోవాలి. పరీక్షలకు వాడే సరంజామా కూడా పాతదే, బినె-కామత్, మాలిన్ లాంటి బుద్ధి పరీక్షలు దశాబ్దాల కిందట తయారైనవి. నేటి తెలుగు పిల్లలకు సరిపోయేలా కొలతలు మళ్లీ కట్టాలంటే ఆ పని చేసే మనుషులు ఇక్కడి యూనివర్సిటీల్లోనే తయారవ్వాలి.

అవసరం ఎంతుందో లెక్కలు చెబుతూనే ఉన్నాయి. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు, అంటే మన ఇంటి లెక్క అందులో మనకు దొరకదు. కానీ ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లలో మేం వేయాల్సి వచ్చే వార్తలు ఆ లెక్కను ఏటా చెబుతున్నాయి. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది: వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ ఉన్న కౌన్సిలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. రెండు రాష్ట్రాల్లో ఇన్ని జూనియర్ కాలేజీలు, ఇన్ని హాస్టళ్లు ఉండగా అంతమందిని ఎక్కడినుంచి తెస్తారు? మనుషులను తయారుచేయకపోతే ఖాళీగా ఉన్న ఏ లెక్చరర్‌నో కుర్చీలో కూర్చోబెట్టి తలుపు మీద కౌన్సిలర్ అని రాసేస్తారు.

సీట్లు ఎందుకు తక్కువంటే, ఒక్కో సూపర్‌వైజరు కింద ఇంతమందే ఉండాలన్న నియమం ఉంది. ఆ నియమం ఉండాల్సిందే, దాన్ని సడలించి సీట్లు పెంచమని మేం అడగం. సూపర్‌వైజర్లు తక్కువ, ఎందుకంటే ఆ పోస్టులు తక్కువ. ఉన్నవీ చాలా చోట్ల కాంట్రాక్టువే. దాంతో మన పిల్లలు బెంగళూరు నిమ్హాన్స్‌కో రాంచీలోని కేంద్ర మానసిక వైద్య సంస్థ సీఐపీకో ఎంట్రన్స్ రాస్తారు, వేలమంది రాస్తే పిడికెడుమందికి దక్కుతుంది, దక్కినవాళ్లలో చాలామంది అక్కడే స్థిరపడతారు. ఇక్కడ మాత్రం హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి, మెడికల్ కాలేజీల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి, వాటి ఓపీల ముందు పొద్దున్నే క్యూ కట్టే జనం ఉన్నారు. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి వేరే లేదు. ఉస్మానియా, ఆంధ్ర యూనివర్సిటీల సైకాలజీ విభాగాలను ఈ ఆసుపత్రులతో కట్టి, సూపర్‌వైజర్ల పోస్టులు రెగ్యులర్‌గా నింపి, ఆర్‌సీఐ ఆమోదంతో సీట్లు తెరవాలి. ట్రైనీలకు స్టైపెండ్ ఇవ్వాలి. పొద్దుట వార్డు, మధ్యాహ్నం థెరపీ, రాత్రి కేస్ రికార్డులు రాసే పిల్లను ఇంటినుంచి డబ్బు తెచ్చుకుని బతకమంటే, డబ్బున్న ఇళ్ల పిల్లలే ఈ చదువుకు మిగులుతారు.

2025 జులై-ఆగస్టు నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. అది సరైన నిర్ణయమే, మనిషి ఎదురుగా లేకుండా ఈ విద్య రాదు. అయితే పెళ్లయి పిల్లలు పుట్టాక, ఉద్యోగం చేసుకుంటూ ఆ దారిలోనే చదువుకున్న ఆడవాళ్లు చిన్న ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లకు దగ్గర్లోని జిల్లా కేంద్రంలో ఒక రెగ్యులర్ సీటు దొరికేలా చూడకుండా ఆ తలుపు మూసేయడం అన్యాయం.

ఈ ఏడాది చేరబోయే పిల్లలు ఫీజు కట్టేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు, కోర్సు పేరు, ఆమోదం ఏ సంవత్సరం దాకా ఉందో చూసుకోండి. కాలేజీకి వెళ్లి మూడు విషయాలు అడగండి: వారానికి ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉంటాం, అది ఏ ఆసుపత్రి, మా వెనక కూర్చునే సూపర్‌వైజరు ఎవరు. తడుముకుంటే లేచి వచ్చేయండి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకు మేం చెప్పేది కూడా చిన్న మాటే: వచ్చే అడ్మిషన్ నోటిఫికేషన్‌లోనే ప్రతి సైకాలజీ పీజీ ఎదురుగా ఆర్‌సీఐ ఆమోదం ఉంది, లేదు అని ఒక గడి పెట్టించండి, లేదు అని ఉన్న కోర్సు పేరులోంచి క్లినికల్ అన్న మాట తీయించండి.