గ్రెట్జ్కీ నాన్న అలా చెయ్యలేదు, అన్నయ్యా

"గ్రెట్జ్కీ గురించి మీకెవరూ చెప్పని 7 నిజాలు." గ్రెట్జ్కీ అంటే వేన్ గ్రెట్జ్కీ, 80ల్లో, 90ల్లో ఆడిన కెనడా ఐస్ హాకీ ఆటగాడు. ఈ మెసేజి నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట మా మిస్సిసాగా తెలుగువాళ్ళ గ్రూపులో వచ్చింది. తర్వాత మా వాడి హాకీ టీమ్ పేరెంట్స్ గ్రూపులో, ఆ తర్వాత మా బావమరిది దగ్గర్నుంచి. నిన్న రాత్రి పదకొండున్నరకి హైదరాబాద్ నుంచి మా పెద్దన్నయ్య పంపాడు. ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడని మనిషి. కింద ఒక ప్రశ్న కూడా: "ఏరా, మీ దేశంలో ఇంత మోసం జరిగిందా?"

2025 ఏప్రిల్‌లో రష్యా ఆటగాడు ఒవెచ్కిన్ 895వ గోల్ కొట్టి గ్రెట్జ్కీ గోల్స్ రికార్డు దాటిన దగ్గర్నుంచి ఈ రకం మెసేజిలు తిరుగుతూనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ డిలీట్ చేసి ఊరుకున్నాను. అన్నయ్య అడిగాక జవాబు చెప్పక తప్పదు.

చిన్నది ముందు తేల్చేస్తాను. ఐదో "నిజం" ఏమిటంటే, అహంకారం కొద్దీ 99 నంబరు వేసుకున్నాడట. జూనియర్స్‌లో ఆడేటప్పుడు తను కోరుకున్న 9 అప్పటికే ఇంకో కుర్రాడి వీపు మీద ఉంది. అందుకని రెండు తొమ్మిదులు వేసుకున్నాడు. అయిపోయింది, పదండి.

రెండోది: పక్కన రౌడీలని పెట్టుకుని ఆడాడు, అతని మీద చెయ్యి వేసినవాడే లేడు. అతని టీమ్ ఎడ్మంటన్‌లో సెమెంకో, తర్వాత మెక్‌సోర్లీ అతనికి అండగా ఉన్న మాట నిజమే. ఆ రోజుల్లో కొట్లాటల కోసమే ఒకణ్ణి టీమ్‌లో ఉంచుకోవడం అందరూ చేసిన పనే. మిగతా టీముల రౌడీలు తమ ఆటగాళ్ళకి ఒక సీజన్‌లో 200 పాయింట్లు (గోల్‌కి ఒకటి, గోల్‌కి దారితీసిన పాస్‌కి, అంటే అసిస్టుకి, ఒకటి) ఎందుకు తెచ్చిపెట్టలేకపోయారో మెసేజి రాసినాయన చెప్పాలి. ఇక చెయ్యి వేసినవాడు లేడన్న సంగతి. 1991 కెనడా కప్ ఫైనల్లో అమెరికా ఆటగాడు గ్యారీ సూటర్ వెనక నుంచి గుద్దితే గ్రెట్జ్కీ వెళ్ళి బోర్డులకి కొట్టుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది వెన్నులో డిస్క్ సమస్యతో సీజన్ మొదటి 39 మ్యాచ్‌లు ఆడలేదు. చెయ్యి వెయ్యలేదు, నిజమే. ఒళ్ళంతా వేశారు.

మొదటి "నిజం" అందరికీ బాగా నచ్చింది. 1980ల్లో గోల్‌కీపర్లు చేతకానివాళ్ళు, ప్యాడ్లు చిన్నవి, ఎవడైనా గోల్స్ కొట్టేవాడు. సగం ఒప్పుకుంటాను. 1981–82లో మ్యాచ్‌కి రెండు టీములూ కలిపి ఎనిమిది గోల్స్ దాకా పడేవి. 90ల చివరికి అది ఐదు చిల్లరకి దిగిపోయింది. సరే. అయితే ఆ చేతకాని గోల్‌కీపర్లు గ్రెట్జ్కీ ఎదురుగానే నిలబడేవారా? మిగతావాళ్ళు ఆడేటప్పుడు వేరేవాళ్ళు వచ్చేవారా? 1981–82లో గ్రెట్జ్కీ 212 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న మైక్ బోసీ 147. 1983–84లో 205, రెండోవాడు 126. 1985–86లో 215, రెండోవాడు 141. ఆ రెండోవాడు మరెవరో కాదు, ఆ తరంలో గ్రెట్జ్కీకి సాటి అనిపించుకున్న మారియో లెమ్యూ. 1986–87లో 183, రెండోవాడు 108. పేపరు సులువుగా వస్తే క్లాసంతటికీ మార్కులు పెరుగుతాయి. ఫస్టు వచ్చినవాడికీ సెకండు వచ్చినవాడికీ మధ్య డెబ్బై మార్కుల తేడా రావడానికి పేపరు సులువు కారణం కాదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే 1997–98 చూడండి. అప్పటికి గోల్‌కీపర్లు తలుపులంత ప్యాడ్లు కట్టుకుని నిలబడుతున్నారు, మధ్యలో పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కదలనివ్వడం లేదు. న్యూయార్క్ రేంజర్స్ తరఫున ఆడుతున్న గ్రెట్జ్కీకి ముప్పై ఏడేళ్ళు నిండాయి. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ అసిస్టులు ఇద్దరివి, చెరి 67. ఒకరు చెక్ ఆటగాడు యాగర్, రెండోది ఈ ముసలాయన.

మూడోది: సినిమా నటి అయిన భార్య కోసం, డబ్బు కోసం ఎడ్మంటన్‌ని వదిలేసిపోయాడు, పోయాక ఒక్క స్టాన్లీ కప్పూ (లీగ్ చాంపియన్‌షిప్) గెలవలేదు. 1988 ఆగస్టు 9న లాస్ ఏంజెలెస్ టీమ్‌కి జరిగింది అమ్మకం. అమ్మింది పోక్లింగ్టన్, టీమ్ యజమాని. పుచ్చుకున్నది కోటీ యాభై లక్షల అమెరికన్ డాలర్లు, ఇద్దరు కుర్రాళ్ళు, మూడు ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్కులు (కొత్త కుర్రాళ్ళని మొదటి రౌండులో ఎంచుకునే హక్కులు). ఎడ్మంటన్ జనం దిష్టిబొమ్మ తగలబెట్టింది పోక్లింగ్టన్‌దే. ప్రభుత్వం అడ్డుకోవాలని పార్లమెంటులో ఒక సభ్యుడు లేచి అడిగాడు కూడా. ఆఖరికి గ్రెట్జ్కీ ఒప్పుకునే వెళ్ళాడు, అది కాదనను. కానీ కోడలు కాలు పెట్టింది, ఇల్లు విడిపోయింది అనే మాట మన ఊళ్ళో మాత్రమే అనుకున్నాను. ఇక్కడా అదే అన్నారు.

కప్పు గెలవలేదు, నిజం. 1990లో ఎడ్మంటన్ అతను లేకుండానే గెలిచింది, అదీ నిజం. మెస్సియే, కురీ ఉన్న టీమ్ అది, గెలవకపోతేనే ఆశ్చర్యం. అంతకు ముందు ఏడాది ప్లేఆఫ్స్ మొదటి రౌండులో అదే ఎడ్మంటన్ ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 3–1తో ముందుండి కూడా గ్రెట్జ్కీ వెళ్ళిన లాస్ ఏంజెలెస్ చేతిలో ఓడిపోయింది. ఈ ముక్క మాత్రం మెసేజిలో ఎవరూ రాయరు. కెనడా, అమెరికాల మధ్య ఇప్పటి రాజకీయాల సంగతి వేరు. 2025 ఫిబ్రవరిలో బోస్టన్‌లో అమెరికాతో జరిగిన ఫైనల్‌కి కెనడా గౌరవ కెప్టెన్‌గా వచ్చి అమెరికా ఆటగాళ్ళ వైపు బొటనవేలు చూపించాడని ఇక్కడివాళ్ళకి మంట. నాకూ కొంచెం చివుక్కుమంది. ఆ మంటతో 1988ని తిరగరాస్తే ఎలా?

నాలుగోది: ఒవెచ్కిన్ రికార్డు బద్దలు కొట్టాడు కాబట్టి గ్రెట్జ్కీ కథ ముగిసింది. గోల్స్ కొట్టడంలో ఒవెచ్కిన్ ఎక్కువవాడని నేనే ఒప్పుకుంటాను, ఎవరూ అడగక్కర్లేదు. గోల్స్ కరువైన కాలంలో అన్ని కొట్టాడు. విచిత్రంగా 895వది కొట్టింది అతని 1,487వ మ్యాచ్‌లో. గ్రెట్జ్కీ మొత్తం ఆడింది సరిగ్గా అన్నే. కానీ గ్రెట్జ్కీ గోల్స్ 894 మొత్తం తీసి చెత్తబుట్టలో పడెయ్యండి. అసిస్టులు 1,963 మిగులుతాయి. ఆ ఒక్క అసిస్టులతోనే చరిత్రలో పాయింట్ల పట్టికలో మొదటి స్థానం అతనిదే. రెండో స్థానంలో ఉన్న యాగర్‌కి గోల్సూ అసిస్టులూ కలిపితే 1,921. కథ ముగిసిందట!

ఇప్పుడు ఆరోది. నేను కూర్చుని ఇదంతా టైపు చెయ్యడానికి అసలు కారణం ఇదే.

"గ్రెట్జ్కీకి పుట్టుకతో వచ్చిన ప్రతిభేమీ లేదు. తండ్రి వాల్టర్ రెండేళ్ళ వయసు నుంచే బలవంతంగా పెరటి మంచు మీద గంటల తరబడి రుద్దించాడు. జాలిపడే తల్లిదండ్రులు చాంపియన్లని తయారుచెయ్యలేరు." దీని కింద మా గ్రూపులో పద్నాలుగు దండం ఎమోజీలు, ఆరు కండ ఎమోజీలు. ఒకాయన వెంటనే తన నాలుగేళ్ళ పాపని వారానికి నాలుగు రోజుల పవర్ స్కేటింగ్‌లో చేర్పించి ఫోటో పెట్టాడు. పాప మొహంలో ఏడుపు ఆరలేదు. హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టి ఉంది.

వాల్టర్ గ్రెట్జ్కీ బ్రాంట్‌ఫర్డ్‌లో టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి. మా ఇంటి నుంచి కారులో గంట దూరం. పెరట్లో స్ప్రింక్లర్ పెట్టి నీళ్ళు గడ్డకట్టించి రింక్ చేశాడు, అది నిజం. ఎందుకు చేశాడో ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. పిల్లవాణ్ణి పార్కులో రింక్‌కి తీసుకెళ్తే వాడు ఎంతసేపటికీ ఇంటికి రానంటున్నాడు, తను చలిలో కొయ్యబారిపోతున్నాడు. రింక్ పెరట్లో ఉంటే తను వెచ్చగా వంటింటి కిటికీలోంచి చూసుకోవచ్చు. అంటే చలికి తట్టుకోలేక తండ్రి చేసుకున్న ఏర్పాటు అది. పిల్లాణ్ణి మంచు మీదకి తొయ్యడానికి కాదు, వాణ్ణి మంచు మీద నుంచి లాక్కురాలేక. మెసేజి రాసినాయన దాన్ని తిరగేసి కొరడా చేశాడు.

డబ్బాలు వరసగా పెట్టి వాటి చుట్టూ పక్‌ని తిప్పించాడు, పక్ ఎక్కడికి వెళ్ళబోతోందో చూడమన్నాడు, అవన్నీ ఉన్నాయి. నేర్పలేదని ఎవరూ అనడం లేదు. వేసవి వస్తే స్కేట్లు పక్కన పెట్టి బేస్‌బాల్, లక్రాస్ ఆడాడు. మనవాళ్ళు పిల్లల్ని వేసవిలోనూ రింక్ బయటికి రానిస్తారా?

పోనీ, తండ్రి క్రమశిక్షణే మొత్తం అనుకుందాం. వేన్ తర్వాత ఆ ఇంట్లో ఇంకో ముగ్గురు మగపిల్లలున్నారు. అదే నాన్న, అదే పెరడు, అవే డబ్బాలు. అందరికంటే చిన్నవాడు బ్రెంట్ ఎన్‌హెచ్‌ఎల్ (వేన్ ఆడిన పెద్ద ప్రొఫెషనల్ లీగ్) దాకా వచ్చాడు. 13 మ్యాచ్‌లు ఆడి ఒక గోల్, మూడు అసిస్టులు, మొత్తం 4 పాయింట్లు. పెద్దవాడికి 2,857. మిగిలిన ఇద్దరూ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. వాల్టర్ రెండోసారి నుంచి జాలిపడటం మొదలెట్టాడంటారా?

ఆ ఇంట్లో పిల్లవాడికి తల్లిదండ్రుల వల్ల బాధ కలిగిన మాట మాత్రం నిజం. వాళ్ళు మిగతా పిల్లల తల్లిదండ్రులు. పదేళ్ళప్పుడు ఒక్క సీజన్‌లో 378 గోల్స్ కొట్టాడు. మా పిల్లలకి పక్ అందడం లేదని స్టాండ్‌లో కూర్చుని పెద్దవాళ్ళు ఆ పిల్లాణ్ణి హేళన చేసేవారు. అది భరించలేకే పద్నాలుగేళ్ళకి ఇల్లు వదిలి టొరంటోలో వేరేవాళ్ళింట్లో ఉండి ఆడాడు. ప్రతి శనివారం పొద్దున ఆరున్నరకి మా వాడి ప్రాక్టీసులో అద్దం వెనకాల నిలబడి "షూట్! షూట్!" అని అరిచేవాళ్ళలో వాల్టర్ ఎవరో నాకు తెలీదు గానీ, ఆ స్టాండ్‌లో కూర్చున్నవాళ్ళు మాత్రం చాలామంది కనిపిస్తారు. ఒకటి రెండుసార్లు నేనూ అరిచాను. మా వాడు నెల రోజులు నన్ను రావద్దన్నాడు, వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ అని మన వెంట పడింది చాలలేదు, ఇప్పుడు మంచు మీద కూడానా అన్నయ్యా?

కావాలంటే గ్రెట్జ్కీ మీద పెట్టుకోవడానికి నేనే ఒక పాయింటు ఇస్తాను. ఫీనిక్స్ కొయోటీస్‌కి నాలుగు సీజన్లు కోచ్‌గా చేశాడు. ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి చేర్చలేకపోయాడు. తనకి కనపడేది ఇంకొకరికి చూపించలేకపోయాడు. నిజం కావాలంటే ఇలాంటిది రాసుకోవచ్చు కదా.

ఇక ఏడోది. రిఫరీలు అతని పక్షం, పెనాల్టీలు ఇచ్చేవారు కాదు. మామూలుగా అయితే దీన్నీ ఉతికేవాణ్ణి. కానీ 1993 మే నెల, టొరంటోతో ప్లేఆఫ్ సిరీస్, లాస్ ఏంజెలెస్‌లో ఆరో మ్యాచ్, ఓవర్‌టైమ్. టొరంటో ఇంకొక్కటి గెలిస్తే ఫైనల్లో ఉంటుంది. గ్రెట్జ్కీ కర్ర పైకి లేచి డగ్ గిల్మోర్ గడ్డానికి తగిలింది, రక్తం కారింది. రిఫరీ కెర్రీ ఫ్రేజర్ లైన్స్‌మెన్లని పిలిచి మాట్లాడాడు, ఎవరూ చూడలేదన్నారు, పెనాల్టీ లేదు. కాసేపటికి గెలుపు గోల్ కొట్టింది గ్రెట్జ్కీయే. ఏడో మ్యాచ్‌కి టొరంటో వచ్చి మూడు గోల్స్ కొట్టి మనవాళ్ళని ఇంటికి పంపించాడు. అది తన పొరపాటేనని ఫ్రేజర్ తర్వాత తనే ఒప్పుకున్నాడు. కాబట్టి ఈ ఒక్కటి అలాగే ఉంచండి. మా ఆఫీసులో నలభై అయిదు దాటిన ప్రతివాడికీ ఆ రాత్రి తను ఏ సోఫాలో కూర్చున్నాడో గుర్తుంది. ఈ పాయింటు మీద గ్రెట్జ్కీని వెనకేసుకొస్తే రేపట్నుంచి లంచ్‌లో నా పక్కన ఎవరూ కూర్చోరు.