గ్రాఫిక్ డిజైన్ కోర్సుల్లో తెలుగు అక్షరం ఎక్కడ?

అమీర్‌పేటలో గ్రాఫిక్ డిజైన్ కోర్సు కరపత్రం ఏది చూసినా సిలబస్ దాదాపు ఒకటే. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, కోరెల్‌డ్రా, ఇన్‌డిజైన్, ఈమధ్య వాటికి తోడు ఫిగ్మా, ఏఐ టూల్స్. ఈ రంగంలోకి రావాలనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ముందుగా అడిగేదీ అదే: ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ ల్యాప్‌టాప్ కొనాలి? ఆ సిలబస్‌లో తెలుగు మాత్రం కనిపించదు. అభ్యాసమంతా ఇంగ్లిష్ అక్షరాలతో సాగిపోతుంది. తీరా పనిలో చేరాక చేతికొచ్చేది పెళ్లి పత్రిక, బట్టల కొట్టు ప్రకటన, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, యూట్యూబ్ థంబ్‌నెయిల్. వాటిలో చదవాల్సిన విషయమంతా తెలుగులోనే ఉంటుంది. మన దగ్గర డిజైనర్‌గా నిలబడాలనుకునేవాళ్లు అందరికంటే ముందు సాధించాల్సింది తెలుగు అక్షరాన్ని పేజీ మీద సరిగ్గా కూర్చడం. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతి సంగతి.

ఇంగ్లిష్ అక్షరాలు ఒక వరుసలో నిలబడతాయి. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు. ఒక్క అక్షరమే రెండు మూడు అంతస్తులు ఆక్రమిస్తుంది. లైన్ల మధ్య ఖాళీని ఇంగ్లిష్ లెక్కలో తగ్గిస్తే పై లైనులోని ఒత్తు వచ్చి కింది లైను గుడి మీద పడుతుంది. అక్షరాన్ని లావు చేయాలని సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఉత్తుత్తి బోల్డ్ వాడితే ‘ప’కీ ‘వ’కీ తేడా చూపించే సన్నని సందు మూసుకుపోతుంది. ‘డ’, ‘ఢ’ల మధ్య ఉన్న చిన్న గీత చిన్న సైజులో మాయమవుతుంది. తెలుగు పక్కన ఇంగ్లిష్ పెట్టి రెండింటికీ ఒకే పాయింట్ సైజు ఇస్తే, కొన్ని ఫాంట్లలో తెలుగు బాగా చిన్నదిగా కనిపిస్తుంది. అప్పుడు అంకెను వదిలేసి కంటితో చూసి సరిచేయాలి. కీబోర్డు షార్ట్‌కట్లు బట్టీ పట్టినవాళ్లకు ఈ చూపు రాదు. పాత పత్రికలు, సినిమా పోస్టర్లు ముందు పెట్టుకుని అక్షరాలను చేత్తో దిద్దితే వస్తుంది. బాపు చేతిరాతను తెలుగువాళ్లు సంతకం లేకపోయినా గుర్తుపట్టారంటే ఆ బలం అక్షరం విరుపులోనే ఉంది.

పనిముట్ల విషయంలో మనకు పాత లోకం, కొత్త లోకం అని రెండున్నాయి. పాత లోకం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌ది, ‘అను’ అనే తెలుగు ఫాంట్లది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అయినా చాలా డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో అది ఇంకా నడుస్తోంది. దీన్ని మొండితనం అనుకుంటే పొరపాటే. కొత్త లోకం యూనికోడ్‌ది, అంటే ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత స్థానమిచ్చే ప్రమాణానిది. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఫోటోషాప్, ఇన్‌డిజైన్ లాంటి అడోబీ సాఫ్ట్‌వేర్లు దాదాపు 2012 దాకా తెలుగు యూనికోడ్‌ను సరిగ్గా కూర్చలేకపోయాయి. ఆ ఖాళీని నింపింది అను లాంటి ఫాంట్లే. వాటిలో తెలుగు అక్షరపు ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైల్ తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అలా దాచిన తెలుగును గూగుల్ వెతకలేదు, చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పలకలేదు. వెబ్‌సైట్లు, యాప్‌లు, సోషల్ మీడియా అన్నీ యూనికోడ్ మీద నడుస్తున్నాయి కాబట్టి భవిష్యత్తు అటే. కానీ ప్రెస్సు వాళ్లు అను ఫైల్ అడిగితే నాకు తెలియదనే డిజైనర్‌కు ఊళ్లో పని దొరకదు. కొత్తగా వచ్చేవాళ్లు యూనికోడ్‌లో టైపు చేయడం అలవాటు చేసుకుని, అవసరమైనప్పుడు అనులోకి మార్చి, మారాక ప్రతి ఒత్తునూ సరిచూడగలగాలి. ఈ రెండు లోకాల మధ్య వంతెన వేయగలిగేవాళ్లు తక్కువ. కాబట్టే ఈ నైపుణ్యానికి గిరాకీ ఉంది.

ఏ కొత్త సాఫ్ట్‌వేర్ తెరిచినా ముందు ‘శ్రీలక్ష్మీ వస్త్రాలయం’, ‘రాష్ట్రం’ అని టైపు చేసి చూడాలి. ‘రాష్‌ట్‌రం’ అని విరిగి కనిపిస్తే ఆ సాఫ్ట్‌వేర్‌కో, ఆ సెట్టింగ్‌కో తెలుగు రాదని తేలిపోతుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో, ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో ‘వరల్డ్ రెడీ’ అనే ఐచ్ఛికం ఉంటుంది. అది ఎంచుకుంటే చాలావరకు ఒత్తులు తమ చోట్లలో కూర్చుంటాయి. ఈ చిన్న మార్పు తెలియక, యూనికోడ్‌లో తెలుగు పనికిరాదని తీర్మానించుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఫాంట్ల కరవు తీరి చాలాకాలమైంది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లతో మొదలై, అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన వంటివి వచ్చాయి. నోటో, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. సిలికానాంధ్ర ఫాంట్లకు అందం ఉంది గానీ చాలావాటిలో ఒకే మందం ఉంటుంది. ఒక సంస్థకు బోర్డు నుంచి బిల్లు దాకా ఒకే తీరు కావాలంటే సన్నం నుంచి లావు దాకా వరుస ఉన్న అనెక్, హింద్ గుంటూరు లాంటివి పనికొస్తాయి.

సాఫ్ట్‌వేర్ ఖర్చు అసలు అడ్డంకి అని చాలామంది భయపడతారు. 2013లో అడోబీ కొత్త వెర్షన్లను నెలవారీ చందా పద్ధతికి మార్చాక ఆ భయం పెరిగింది. కొందరు దొంగ కాపీలు వాడతారు. దొంగ కాపీతో వైరస్ ప్రమాదం ఒకటి, పెద్ద సంస్థల పని తీసుకున్నప్పుడు లైసెన్సు అడిగితే చూపించడానికేమీ ఉండకపోవడం ఇంకొకటి. ఇంక్‌స్కేప్, జింప్, క్రిటా, స్క్రైబస్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. ఇంక్‌స్కేప్‌లో తెలుగు చక్కగా కుదురుతుంది. లోగోలు, పోస్టర్లు నేర్చుకోవడానికి అది చాలు. దాని లోపం అచ్చు దగ్గర బయటపడుతుంది. అచ్చుకు కావలసిన నాలుగు సిరాల రంగుల (సీఎంవైకే) ఫైల్ నేరుగా ఇవ్వదు కాబట్టి స్క్రైబస్ మీదుగా వెళ్లాలి. అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను కాన్వా సంస్థ 2024లో కొని, 2025లో ఉచితం చేసింది. మంచి పనిముట్టే గానీ రెండో వెర్షన్ దాకా భారతీయ లిపుల ఒత్తులు అందులో కుదరలేదు. పైన చెప్పిన ‘రాష్ట్రం’ పరీక్ష పెట్టాకే నమ్మాలి. ఆరు సాఫ్ట్‌వేర్లు పైపైన తెలిసినవాళ్ల కంటే ఒక వెక్టర్ (గీతలతో బొమ్మ కూర్చే) సాఫ్ట్‌వేర్ లోతుగా తెలిసినవాళ్లే పనికొస్తారని నా గట్టి నమ్మకం. ఫ్లెక్సీ, ప్రింటింగ్ వైపు వెళ్లాలంటే కోరెల్‌డ్రా, ఏజెన్సీల వైపు ఇలస్ట్రేటర్, యాప్‌ల వైపు ఫిగ్మా. దారిని బట్టి పనిముట్టు.

ల్యాప్‌టాప్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, రంగులు నిజంగా చూపించే ఐపీఎస్ తెర ఉంటే చాలు. మ్యాక్ తప్పనిసరి కాదు.

అంతకంటే ముఖ్యం ప్రెస్సులో గడిపే సమయం. తెర మీద మెరిసే నీలం కాగితం మీద మసకబారుతుంది, ఎందుకంటే తెర వెలుగుతో రంగులు చూపిస్తుంది, కాగితం నాలుగు సిరాలతో. కటింగ్ కోసం చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలకపోతే విజిటింగ్ కార్డు అంచున తెల్లగీత మిగులుతుంది. దగ్గర నుంచి చదివే కరపత్రానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలి, దూరం నుంచి చూసే హోర్డింగ్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు. ఫైల్ పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతలుగా మార్చాలి, మార్చని కాపీ ఒకటి దాచుకోవాలి. ఒక వారం ప్రెస్సులో నిలబడితే ఇవన్నీ ఒంటబడతాయి.

ఏఐ వల్ల ఈ పనే పోతుందన్న బెంగ చాలామందిలో ఉంది. నేపథ్య చిత్రాలు, కటౌట్లు, పండుగ శుభాకాంక్షల పోస్టర్ల లాంటి పని నిజంగానే తగ్గుతుంది. కాదనడం పిల్లలను మభ్యపెట్టడమే. అయితే బొమ్మలు గీసే ఏఐ తెలుగు గుణింతాల్లో, ఒత్తుల్లో ఇంకా తడబడుతోంది. అది రేపు సరికావచ్చు. అప్పుడు కూడా పెళ్లి పత్రికలో ఏ పేరు ముందుండాలి, సంతాప ప్రకటనకు ఏ అక్షరం తగదు, ఊరి పేరు ఏ సైజులో ఉంటే బస్సులోంచి కనిపిస్తుంది అన్న నిర్ణయాలు మనిషే తీసుకోవాలి.

పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ), గుంటూరు జిల్లాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. వాటిలో సీట్లు పరిమితం. మిగతావాళ్లంతా ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లకే వెళ్తారు. మార్పు జరగాల్సింది అక్కడే. కోర్సులో రెండు వారాలు తెలుగు టైపోగ్రఫీకి కేటాయిస్తే చాలు. ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. బోధించేవాళ్లు లేరంటారు గానీ, ఒక అక్షరం పక్కకు జరిగినా చూడగానే చెప్పగల డీటీపీ ఆపరేటర్లు ప్రతి జిల్లా కేంద్రంలో ఉన్నారు. పేజ్‌మేకర్ మీద ఇరవై ముప్ఫై ఏళ్లు పంచాంగాలు, పాఠ్యపుస్తకాలు, పత్రికలు కూర్చినవాళ్లు వాళ్లు. డిగ్రీ లేదని వాళ్లను పక్కన పెట్టకుండా వారానికి రెండు క్లాసులు అప్పగించి, తగిన జీతమివ్వాలి.