మగ్గు కొనేటప్పుడు బొమ్మ కాదు, అడుగు చూడండి

బెంగళూరులో మన తెలుగువాళ్ల వంటింటి కబోర్డు తెరిస్తే మగ్గులకేం కరువుండదు. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చింది ఒకటి, కంపెనీ వార్షికోత్సవానికి పంచింది ఒకటి, పుట్టినరోజుకి ఎవరో ఫొటో ప్రింట్ చేయించి ఇచ్చింది ఒకటి, పాత రూమ్మేట్లు ఖాళీ చేస్తూ వదిలేసి వెళ్లినవి కొన్ని. రోజూ తాగేది మాత్రం వాటిలో రెండు మూడింట్లోనే. మిగతావి వెనక వరసలో ఉంటాయి. అయినా ఎవరైనా ఇంటికొస్తే "నాకు మగ్గుల కలెక్షన్ ఉంది" అని చూపిస్తారు. నేను ఒప్పుకోను. వచ్చి పడినవాటికి ఆ పేరెందుకు? చేత్తో పట్టుకుని, తిరగేసి చూసి, ఇది మా ఇంట్లో ఉండాలి అనుకుని తెచ్చుకున్నవాటికే ఆ పేరు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మగ్గులంటే నాకు ప్రాణం. పొద్దున లేవగానే రెండు చేతుల్లోకి తీసుకునే వస్తువు అది. దాన్ని మీద రాసిన ఒక నినాదం చూసో, ఒక కార్టూన్ బొమ్మ చూసో ఎంచుకోవడం నాకు అస్సలు నచ్చదు. షాపులో మగ్గు చేతికి తీసుకున్నారా, ముందు తిరగేయండి. అడుగు చూడండి.

చాలా మగ్గులకి అడుగున గుండ్రంగా ఒక అంచు ఉంటుంది, దాని మీద గ్లేజు, అంటే మగ్గుకి పూసే నున్నటి మెరుపు పూత, ఉండదు. బట్టీలో గ్లేజు కరిగి గాజు పొరలా అవుతుంది. అది అడుగున కూడా ఉంటే మగ్గు కింది పలకకి అతుక్కుపోతుంది కాబట్టి కాల్చే ముందే అక్కడ తుడిచేస్తారు. అందువల్ల మగ్గు మొత్తంలో లోపలి మట్టి మన కంటికి కనిపించే చోటు అదొక్కటే. అక్కడ ఎవరూ రంగు పూయలేరు, ఏదీ దాచలేరు. వేలు తడి చేసి ఆ అంచు మీద రాయండి. తడి చటుక్కున ఇంకిపోయిందంటే మట్టి పూర్తిగా గట్టిపడలేదని అర్థం, అలాంటి మగ్గు కడిగిన ప్రతిసారీ కాస్త నీళ్లు తాగుతుంది. తడి పైనే నిలిచిందంటే బాగా కాలిన సరుకు. అంచుని అరచేతికి రుద్ది చూడండి, గరుకుగా ఉంటే మీ టేబుల్ మీదా, పక్క మగ్గు మీదా గీతలు పడతాయి. చివరగా మగ్గుని అరచేతిలో నిలబెట్టి పై అంచు మీద గోటితో కొట్టండి. మందపాటి మగ్గయినా కొంచెమైనా మోగాలి. చచ్చుగా, చీదినట్టు వినిపిస్తే ఎక్కడో సన్నని పగులు ఉండొచ్చు.

ఇదేం కొత్త విద్య కాదు. మోగించి చూడకుండా మన అవ్వలు సంతలో కుండ కొన్నది ఎప్పుడైనా ఉందా? హిందూపురంలో మా అవ్వ ఊరగాయ జాడీని చూసుకున్నంత శ్రద్ధగా ఇవాళ మనం ఇంట్లో ఏ పాత్రనీ చూసుకోం. జాడీ కడిగి, ఎండలో బోర్లించి, చెమ్మ చుక్క కూడా లేదని చేత్తో తడిమి చూశాకే ఊరగాయ పెట్టేది. ఆ జాడీ స్టోన్‌వేర్, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చి రాయిలా గట్టిపరిచిన మట్టి సరుకు. ఉప్పు, పులుపు, కారం, నూనె ఏడాది పొడవునా లోపల కూర్చున్నా అది తట్టుకుంటుంది, ఎందుకంటే సుమారు 1200 డిగ్రీల పైన కాలిన ఆ మట్టిలో రంధ్రాలు దాదాపు మూసుకుపోతాయి. మామూలు ఎర్రమట్టి కుండ వెయ్యి డిగ్రీల లోపు కాలుతుంది, అందుకే అది చెమర్చి నీళ్లని చల్లబరుస్తుంది. కుండకి ఆ గుణం కావాలి. పాల టీ తాగే మగ్గుకి మాత్రం వద్దు. అందుకే నా అలమరాలో ఎక్కువ భాగం స్టోన్‌వేర్. పోర్సలిన్ అనే తెల్ల పింగాణీ ఇంకా ఎక్కువ వేడిలో కాలి ఇంకా తెల్లగా, సన్నగా వస్తుంది. గ్రీన్ టీ రంగు చూసుకోవాలంటే దానికి సాటి లేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. బోన్ చైనా అంటే పేరులోనే ఉన్నట్టు ఎముకల బూడిద కలిపి చేసిన పింగాణీ. 18వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో పింగాణీ తయారుచేసే స్పోడ్ కుటుంబం స్థిరపరిచిన పద్ధతిలో ఆ బూడిద సగానికి దగ్గరగా ఉంటుంది. అది చాలా అందమైన సరుకు, వెలుతురుకి ఎదురుగా పెడితే వేళ్ల నీడ కనిపిస్తుంది. కానీ కోడిగుడ్డు కూడా గడప దాటనివ్వని ఇళ్లల్లో గృహప్రవేశానికి బోన్ చైనా సెట్టు బహుమతిగా ఇచ్చే ముందు ఒక్కసారి ఆలోచించండి. వాళ్లకి చెప్పి ఇవ్వండి. తెలిస్తే వాడాలో వద్దో వాళ్లు నిర్ణయించుకుంటారు.

బెంగళూరులో ఉంటూ మంచి మగ్గు దొరకదనే మాట నేను నమ్మను. కుమారకృపా రోడ్డులో చిత్రకళా పరిషత్ ఆవరణలో జరిగే చేతివృత్తుల మేళాల్లో పింగాణీ స్టాళ్లు ఉంటాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వచ్చే రంగురంగుల మగ్గులు నగరంలో ఎన్నో ఎగ్జిబిషన్లలో కుప్పలుగా పోసి ఉంటాయి. ఆ కుప్పలో ఓపిగ్గా వెతికితే నూరు నూటయాభైకే బంగారం లాంటి మగ్గు దొరుకుతుంది, తడి వేలు పరీక్ష మాత్రం మర్చిపోకండి. బెన్సన్ టౌన్ దగ్గర పాటరీ టౌన్‌కి వెళ్తే ఇప్పటికీ సారె మీద మట్టి తిప్పే కుటుంబాలున్నాయి. అక్కడ ఎక్కువగా కుండలు, ప్రమిదలు, వినాయకుడి బొమ్మలు. మగ్గు కోసమే వెళ్లనక్కర్లేదు, పిల్లల్ని తీసుకుని వెళ్లండి, మట్టి ఎలా లేస్తుందో చూస్తారు. ఇక లాంగ్ వీకెండ్ వస్తే సగం బెంగళూరు పుదుచ్చేరి రోడ్డు మీదే ఉంటుంది కదా. అక్కడ 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు దేశమంతా సొంత బట్టీలు పెట్టుకున్నారు. మన దేశంలో ఇవాళ చేత్తో చేసిన స్టోన్‌వేర్ ఇంతగా కనిపించడానికి ఆ ఒక్క చోటు చేసిన మేలు చాలా పెద్దది. బీచ్ ఫొటోలు దిగాక ఒక పూట ఆ ఊళ్లో, ఆరోవిల్‌లో ఉన్న కుండల స్టూడియోలకి కేటాయించండి.

ఇలా చెప్పగానే వచ్చే ప్రశ్న నాకు తెలుసు. ఆఫీసులో మా సీనియర్ ఒకాయన, మంచి మనిషే, నా చేతిలో మగ్గు ధర విని "ఒక మగ్గుకి ఏడొందలేంట్రా, ఆ డబ్బుకి అర డజను వస్తాయి" అన్నాడు. అవును అన్నా, వస్తాయి. కానీ ఆ ఏడొందల్లో ఏముందో కూడా చూడాలి. మట్టిని పిసికి గాలి బుడగలు తీయాలి. సారె మీద పైకి లేపాలి. కొంచెం ఆరాక తిరగేసి అడుగు చెక్కాలి. పిడి విడిగా చేసి, రెండింటి తేమా ఒకేలా ఉన్నప్పుడే అతికించాలి, లేకపోతే ఆరేటప్పుడు అతుకు దగ్గర చీలుతుంది. నెమ్మదిగా ఆరబెట్టి ఒకసారి కాల్చాలి, గ్లేజులో ముంచి రెండోసారి కాల్చాలి. ఇంత చేసేసరికి మట్టి పదో వంతుకి పైగా కుంచించుకుపోతుంది. అంటే 300 మిల్లీలీటర్ల మగ్గు కావాలంటే అంతకంటే ఎంత పెద్దది చేయాలో చేసే మనిషి చేతులకి తెలిసుండాలి. బట్టీ తెరిచేవరకు ఎన్ని నిలిచాయో ఎవరికీ తెలియదు. ఇన్ని మెట్లు దాటి వచ్చినదాన్ని పట్టుకుని బేరం ఆడేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మాల్‌లో కాఫీకి మూడొందలు మారు మాట్లాడకుండా ఇచ్చి, ఇక్కడ వంద తగ్గించమని నిలబడతారు.

డబ్బు పెట్టే ముందు పిడి కూడా చూడండి. ఖాళీ మగ్గు అందరి చేతికీ తేలికే. నిండాక మూడొందల గ్రాములు కలుస్తాయి, అప్పుడు మణికట్టుకి తెలుస్తుంది. వీలైతే షాపు వాళ్లనడిగి నీళ్లు పోసి ఎత్తి చూడండి. వేళ్ల కణుపులు మగ్గు గోడకి తగలకూడదు, తగిలితే వేడి టీతో కాలుతాయి. పై అంచు మరీ మందంగా ఉంటే తాగేటప్పుడు పక్కకి కారుతుంది. లోపల లేత రంగు ఉంటే మంచిది. నల్లటి మగ్గులో టీ ఎంత చిక్కగా ఉందో కనిపించదు, మరకా కనిపించదు.

ఫిల్టర్ కాఫీని మాత్రం మగ్గులో పోయకండి. దానికి స్టీలు గ్లాసూ దవరానే. పైనుంచి పోస్తూ చల్లార్చుకోవడంలోనే దాని నురగా, రుచీ ఉన్నాయి. మగ్గు చేసే పని ఇందుకు పూర్తిగా వేరు, అది వేడిని పట్టి ఉంచుతుంది. అల్లం టీ, పాలు, రాగి జావ, వేడి రసం, ఇవన్నీ మగ్గులో పోసుకోవాల్సినవి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పైగా డిసెంబరు పొద్దున్నల్లో మందపాటి మగ్గు రాయిలా చల్లగా ఉంటుంది. టీ పోస్తే కొంత వేడి అదే లాగేస్తుంది. ముందు కాసిని వేడి నీళ్లు పోసి, తిప్పి పారబోసి, అప్పుడు టీ పోయండి. తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

ఇక చూసుకోవడం. మా అపార్ట్‌మెంట్‌లో కావేరి నీళ్లు కొంచెం, బోరు నీళ్లు చాలా. ఎండాకాలంలో ట్యాంకరు. ఈ గట్టి నీళ్లలో ఉండే కాల్షియం వల్లే టీ మీద ఆ నూనె తెట్టులాంటి పొర కడుతుంది, మగ్గు లోపల గోధుమరంగు వలయాలు అంత మొండిగా అంటుకునేదీ అందుకే. దానికి స్టీలు పీచు వేసి తోమకండి. చిటికెడు వంట సోడా తడి చేసి వేలితో రుద్దితే మరక పోతుంది. బయట తెల్లటి చారలు సున్నం, వాటికి నిమ్మచెక్క చాలు. చెంచా తిప్పిన చోట బూడిదరంగు గీతలు పడితే గ్లేజు గీసుకుపోయిందని కంగారు పడకండి. చాలాసార్లు అది చెంచా నుంచి అంటిన లోహమే, సోడాతోనే చాలావరకు పోతుంది. పనికి వచ్చే అక్కకి ఒక మెత్తటి స్పాంజి విడిగా ఇచ్చి ఇవి దీంతోనే కడగమని చెబితే చక్కగా చేస్తుంది. చెప్పకుండా, స్పాంజి ఇవ్వకుండా, పిడి విరిగాక ఆమె మీద అరిచే ఇళ్లని చూశాను. అది అన్యాయం.

ఒకదాంట్లో ఒకటి దూర్చి పేర్చకండి. ఇందాక చెప్పిన ఆ గరుకు అడుగే కింది మగ్గు పెదవిని కొరికేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మగ్గులో మరిగే పాలు పోయకండి. బంగారు గీత ఉన్నదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకండి, నిప్పురవ్వలు వస్తాయి. గ్లేజులో జుట్టులాంటి సన్నని గీతల వల కనిపిస్తే అది మురికి కాదు. మట్టీ గ్లేజూ చల్లారేటప్పుడు ఒకే కొలతలో కుంచించుకోకపోతే గ్లేజు బిగుసుకుని అలా చిట్లుతుంది. అలాంటి మగ్గులోకి టీ మెల్లగా ఇంకొచ్చు, దాన్ని తాగడానికి వాడకుండా పెన్నులకి, కొత్తిమీర కాడలకి వాడుకోండి. పెదవి దగ్గర పెచ్చు ఊడినదాన్నీ అంతే.

అన్నిటికంటే ముఖ్యం, వాడండి. షోకేసులో అద్దం వెనక పెట్టి వచ్చినవాళ్లకి చూపించి, మనం మాత్రం పెచ్చులూడిన దాంట్లో తాగే అలవాటు మన ఇళ్లల్లో ఎందుకు ఇంత పాతుకుపోయిందో నాకు అర్థం కాదు. మా ఇంటికి ఎవరొచ్చినా అలమరా తెరిచి "మీకు నచ్చింది తీసుకోండి" అంటాను. మా అత్త ఎప్పుడొచ్చినా పెద్ద కడుపున్న నీలం మగ్గే తీసుకుంటుంది. పగిలితే పగులుతుంది. వాడకుండా దాచినా ఏదో ఒక రోజు ఇల్లు మారేటప్పుడు పగిలేదే.

ఇప్పుడు నన్ను ఎక్కువగా మండించే విషయం. ఈ ఊళ్లో ప్రతి ఆఫీసూ, ప్రతి ఈవెంటూ ఒకే మగ్గు పంచుతోంది. తెల్లది, 11 ఔన్సులది, అంటే సుమారు 325 మిల్లీలీటర్లు. మీద పాలిస్టర్ పూత పూసి, ప్రింట్ తీసిన కాగితం చుట్టి, 180 డిగ్రీలకి పైగా వేడితో నొక్కితే సిరా ఆవిరై ఆ పూతలోకి దిగుతుంది. ఆ బొమ్మ గ్లేజు కింద లేదు, మట్టిలో లేదు, ఒక ప్లాస్టిక్ పొరలో ఉంది. తోమిన కొద్దీ వెలిసిపోతుంది. కంపెనీ పేరు మారుతుంది, లోగో మారుతుంది, ఆ ప్రాజెక్టే మూతపడుతుంది, మగ్గు మాత్రం ఉంటుంది. ఒకసారి కాలిన మట్టి మళ్లీ మెత్తటి మట్టి కాదు. చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు శాతవాహనుల కాలపు పొరకి ఆంధ్ర సంస్కృతి అని పేరు పెట్టాడు, అక్కడ చేతికొచ్చినవాటిలో ముఖ్యమైనవి కుండ పెంకులే. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా అవి మట్టిలో అలాగే ఉన్నాయి. మనం ప్రతి క్వార్టర్‌కీ పంచేవి కూడా అలాగే ఉంటాయి.

హెచ్‌ఆర్‌లోనో, అడ్మిన్‌లోనో పనిచేసే మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక విన్నపం. ఈసారి ఉగాదికో, దీపావళికో మగ్గులు ఆర్డర్ పెట్టే ముందు మనిషికి కావాలా వద్దా అని ఒక మెయిల్‌లో అడగండి. వద్దన్నవాళ్లకి పంపకండి. కావాలన్నవాళ్ల కోసం ఒక శాంపిల్ తెప్పించి, తడి వేలు పెట్టి, నీళ్లు నింపి ఎత్తి చూడండి. అదే బడ్జెట్లో తక్కువ మగ్గులు, మంచివి, ఎవరైనా కుమ్మరి దగ్గరే చేయించవచ్చేమో కనుక్కోండి, వాళ్లకి కాల్చడానికి రెండు నెలల ముందే చెప్పండి. కంపెనీ పేరు వేయాల్సిందే అంటే అడుగున, కుమ్మరి ముద్ర పక్కన, చిన్నగా వేయించండి.