రెండ్రోజుల క్యాంపు, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్

తిరుపతి, చిత్తూరు వైపు ఆక్యుపంక్చర్ శిక్షణ క్యాంపులు పెట్టేవాళ్లను ఒకటే అడుగుతున్నా. శని, ఆదివారాల్లో క్లాసు ముగించి సోమవారం ఏఎన్ఎం చేతికి, అంటే ఊళ్లలో తిరిగే నర్సమ్మ చేతికి, సూది ఇస్తే, ఆ చెయ్యి అప్పటికి ఎన్నిసార్లు గుచ్చిందో ఎవరన్నా లెక్క రాశారా?

రెండ్రోజులంటే టీలు, భోజనాలు, సన్మానాలు పోను పన్నెండు గంటలు. వైద్యులు కానివాళ్లకు పూర్తి శిక్షణ 2500 గంటలని, అందులో కనీసం 1000 గంటలు చేత్తో చేసే పనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. ఎంబీబీఎస్ డాక్టరు పరిమితంగా వాడుకోవాలన్నా 200 గంటలు. పీహెచ్‌సీలో సతమతమయ్యే అమ్మాయి 2500 గంటలు కూర్చోలేదు, నిజమే. అలాంటప్పుడు ఆమె గుచ్చే చోట్లు తగ్గించాలి గాని, అభ్యాసం కాదు. సూది గుచ్చే 361 పాయింట్ల చార్టు గోడకు తగిలించి ఏం లాభమప్పా? మోకాలి కింద ఒకటి, మణికట్టు మీద ఒకటి, అట్లా ఆరేడు చాలు.

ఆ ఆరేడైనా సరిగ్గా రావాలి. కొలత చున్‌లలో ఉంటుంది: బొటనవేలి వెడల్పు ఒక చున్, నాలుగు వేళ్లు కలిపితే మూడు. ఆ వేళ్లు రోగివి. సన్నటి నర్సమ్మ తన వేళ్లతో భారీ మనిషి కాలు కొలిస్తే, మోకాలి కింద మూడు చున్‌ల దగ్గరుండే జుసాన్లీ తప్పిపోతుంది. అదెక్కడో తెలియాలంటే కాలిముందు ఎముక అంచు తడిమి, అక్కణ్ణుంచి బయటివైపు ఒక వేలు జరగాలి. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టేవాళ్లకు చదువు లేదని నవ్వుతాం గాని, ఆ ఇళ్ల పిల్లకాయలు ఏళ్ల తరబడి పెద్దల పక్కన కూచుని ఎముకను తడిమి నేర్చుకుంటారు. మనమేమో స్లైడు చూపించి వదిలేస్తున్నాం.

మణికట్టు మీది నైగువాన్ వాంతులకు వాడతారు. మణికట్టు లోపలివైపు మడత నుంచి రెండు చున్‌లు పైకి, రెండు స్నాయువుల నడుమ. దాని కిందే మీడియన్ నరం. వేళ్లలోకి కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే ‘శక్తి పారుతోంది’ అని మురిసిపోయి ఇంకా దించకూడదు, కొంచెం వెనక్కి లాగాలి. సూదిని పిడి దాకా ఎప్పుడూ దించొద్దు. విరిగితే ఎక్కువగా పిడి మొదట్లోనే విరుగుతుంది, కాస్త బయట ఉంటే పట్టకారుకు అందుతుంది.

భుజం మీది జియాన్‌జింగ్‌ను మాత్రం ఆరోగ్య కార్యకర్తల పాఠంలోంచి తీసేయాల్సిందే. అక్కడ కింద ఊపిరితిత్తి కొన ఉంటుంది. సూది లోతుగా పోతే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్య గాలి చేరుతుంది. ఒక్కోసారి ఆయాసం గంటల తర్వాత గాని మొదలవదు, అప్పటికి రోగి ఊరు చేరి ఉంటాడు. ఛాతీ, వీపు పైభాగం కూడా వద్దు. గర్భిణులకు బొటనవేలు, చూపుడువేలు నడుమ ఉండే హేగు, చీలమండ పైన లోపలివైపు ఉండే సాన్‌యిన్‌జియావ్ వద్దు. షుగరుతో పాదం స్పర్శ పోయినవాళ్ల పాదంలో అసలే వద్దు, అక్కడ చీము పట్టినా వాళ్లకు తెలియదు.

మన దగ్గర ఇంకో తంటా ఉంది. అలిపిరి దారిలో 3550 మెట్లు ఎక్కి, ఉపవాసంతో, మోకాళ్లు పట్టేసి వచ్చేవాళ్లుంటారు. అలాంటివాళ్లను కుర్చీలో కూచోబెట్టి గుచ్చితే కళ్లు తిరిగి పడతారు. ముందు ‘ఏమన్నా తిన్నారా’ అని అడగాలి, పడుకోబెట్టాలి. మొహం పాలిపోయి చెమటలు పడితే సూదులన్నీ తీసేసి కాళ్లు ఎత్తి పెట్టాలి. సూది కండరంలో ఇరుక్కుంటే బలవంతంగా పీకొద్దు. నాలుగు నిమిషాలు ఆగి చుట్టూ మెల్లగా నొక్కితే వదులవుతుంది.

ఒకసారి గుచ్చిన సూది మళ్లీ వాడకూడదు. నీళ్లలో ఉడికించి వాడటం స్టెరిలైజేషన్ కాదు. ఆసుపత్రి వ్యర్థాల 2016 నిబంధనల ప్రకారం వాడిన సూది పోవాల్సింది గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి. పెట్టిన సూదులు ఎన్ని, తీసినవి ఎన్ని, రెండూ కేసుషీటులో రాయాలి. వీపు కింద ఒకటి మర్చిపోవడం వింతేమీ కాదు.

పశ్చిమ బెంగాల్ 1996లోనే ఆక్యుపంక్చర్‌కు చట్టం చేసుకుంది. అంత దూరం పోకపోయినా, క్యాంపు నడిపేవాళ్లు ఒక పని చేయొచ్చు. రాతపరీక్ష బదులు ఒక్కొక్కరి చేత ఐదుగురు రోగుల మీద, పక్కన ఉండి, ఈ ఆరేడు చోట్లూ కొలిపించండి, గుచ్చించండి. అట్లా ఎన్ని సూదులు పెట్టిందో ఆ అంకె సర్టిఫికెట్ వెనక అచ్చు వేయండి.