టైటానియం మీది ఆక్సైడ్ పొర గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టైటానియం డయాక్సైడ్ పొర గారి దివ్యసముఖమునకు, ప్లాంటు మెయింటెనెన్సు వాళ్లు నమస్కరించి చేయు విన్నపము.

తమరి మందం 2 నుంచి 7 నానోమీటర్లు. వెంట్రుకను నిలువునా 10,000 పొరలుగా చీలిస్తే అందులో ఒకటి! ఆ పాటి ఒంటితో సముద్రపు నీటిని ఏళ్ల తరబడి ఆపుతారు, గీత పడితే రెప్పపాటులో పూడ్చుకుంటారు. పేరు మాత్రం కిందున్న లోహానికి. ఇంతవరకు మాకు పేచీ లేదు.

పేచీ అంతా నీళ్ల దగ్గరే. ఇనుముతో వేగిన మాకు తెలిసిన పాఠం ఒక్కటే: తడి తగలనీయకు. తమరికేమో తడి లేకపోతే అలక. కాస్టిక్ సోడా ఫ్యాక్టరీలో ఉప్పునీటిని కరెంటుతో విడగొట్టే సెల్ నుంచి వేడివేడిగా, తడితడిగా వచ్చే క్లోరిన్‌ను టైటానియం కూలర్‌లో ఏళ్లకేళ్లు భరిస్తారు. అదే గ్యాసును సల్ఫ్యూరిక్ ఆమ్లపు టవర్‌లో ఆరబెట్టాక, "ఖరీదైన లోహం, ఇంకా మంచిది" అని ఎవరైనా టైటానియం వాల్వు బిగిస్తే భగ్గుమంటుంది. గీత పూడ్చుకునే ఆక్సిజన్ తమరికి ఆ తేమలోంచే రావాలి మరి. గ్యాసులో సుమారు 1 శాతం ఉండాలి, వేడి పెరిగితే ఇంకాస్త. టవర్ దాటాక మామూలు కార్బన్ స్టీల్ పైపు దర్జాగా పనిచేస్తుంది. సిగ్గుగా లేదూ?

1966లో అపోలో అంతరిక్ష నౌకలోని సర్వీస్ మాడ్యూల్ అనే భాగపు ట్యాంకును పరీక్షించడానికి అసలు ఇంధనం బదులు మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) పోశారు. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మేటి టైటానియం మిశ్రలోహం, ఒత్తిడికి పగిలింది. మిథనాల్ మరీ స్వచ్ఛంగా ఉండటమే నేరం. 2 శాతం నీళ్లు కలిపి ఉంటే తమరు ఊరుకునేవారు. పాలలో నీళ్లు కలిపినవాణ్ణి తిట్టే లోకంలో ఇదెక్కడి న్యాయమండీ?

పోనీ ఒళ్లు చేస్తే బాగుంటారా అంటే, అదీ లేదు. వెల్డింగు వేడికి గాలి తగిలి తమరు మందమైన కొద్దీ రంగు మారుతుంది. వెల్డు వెండిలా ఉంటే సరే, లేత గడ్డి రంగు వరకు సర్దుకుంటాం. నీలం తిరిగిందంటే గాలి తగలకుండా కప్పే ఆర్గాన్ వాయువు చాలలేదు. బూడిద రంగో తెల్ల పొడో కనిపిస్తే కోసి పారేయడమే. టార్చ్ దగ్గర ఆర్గాన్ ఒక్కటే చాలదు. వెనక వచ్చే వేడి వెల్డు మీదా, పైపు లోపలా, సుమారు 425 డిగ్రీల కిందికి దిగేదాకా పట్టాలి. అయినా ఆ నెమలికంఠం రంగు చూసి "భలే ఉందండీ" అనేవాళ్లకు కొదవ లేదు. వైర్ బ్రష్‌తో రంగు రుద్దేసి చూపించేవాళ్లు ఇంకా ఘనులు. రంగు పోతుంది, లోపలికి ఇంకిన ఆక్సిజన్ తెచ్చిన పెళుసుతనం పోదు. పైగా బ్రష్ మామూలు ఉక్కుదైతే అంటిన ఇనుము తర్వాత హైడ్రోజన్ లోహంలోకి దూరడానికి దారి ఇస్తుంది.

ఫ్లోరైడ్ తగిలితే తమరు కరిగిపోతారని అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాం.

చివరగా పైపుల అతుకుల్లో పెట్టే గాస్కెట్ల సంగతి. 70 డిగ్రీలు దాటిన ఉప్పునీరు ఫ్లాంజి (బోల్టులతో బిగించే పైపు అంచు) సందులో ఇరుక్కుంటే అక్కడ ఆక్సిజన్ అయిపోయి, ఆమ్లం పేరుకుని, గ్రేడ్ 2 అనే మామూలు టైటానియం మీద తమరు చేతులెత్తేస్తారు. బుజ్జగించాలంటే గ్రేడ్ 7 కొనాలి, అంటే 0.12 నుంచి 0.25 శాతం పల్లాడియం అనే ఖరీదైన లోహం కలిపిన టైటానియం. ఆ కొటేషన్ పర్చేజ్ వాళ్లకు చూపించే పని కూడా తమరే పెట్టుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మెయింటెనెన్సు వాళ్లు