అర్హత గారూ, ఇంతకీ మీ అర్హత ఏంటండీ?

అర్హత గారికి నమస్కారం.

"అందరికీ ఓటేంటి, చదువూ సంధ్యా లేనోళ్ళు కూడా నిర్ణయాలు చేస్తే దేశాలు ఇలాగే తగలడతాయి" అని ఎవరన్నా అన్నప్పుడల్లా మీరే గుర్తొస్తారు, ఎందుకంటే ఆ మాట అనేవాళ్ళంతా మీ పరీక్ష ఆల్రెడీ పాసైపోయినోళ్ళే. ఫెయిలైనోడు వచ్చి "ముందు నా ఓటు పీకెయ్యండి బాబూ" అనడం నేనైతే చూళ్ళేదు.

మీ సర్వీస్ రికార్డ్ మామూల్ది కాదులెండి. ఇంగ్లండ్‌లో ఓల్డ్ సారమ్ అనే చోట మనుషులే దాదాపు లేరు, అయినా 1832 దాకా అక్కణ్ణుంచి ఇద్దరు ఎంపీలు, మాంచెస్టర్ అంత ఊరికి మాత్రం సొంతానికి ఒక్కడూ లేడు. అక్కడే డిగ్రీ వేషం కూడా కట్టారు, యూనివర్సిటీ గ్రాడ్యుయేట్లకి ఇంకో ఓటు ఎక్స్‌ట్రా, 1948 చట్టం వచ్చేదాకా అది నడిచింది. స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్ళకి ఫెడరల్ ఓటు వచ్చింది 1971లో, అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ కాంటన్‌లో (కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం లాంటిది) ఐతే ఆ కాంటన్ ఓటు 1990లో కోర్టు మొట్టికాయ వేస్తేగానీ రాలేదు. అక్కడ మైదానంలో నిలబడి చెయ్యెత్తి ఓటేస్తారు, మగాడు కత్తి కట్టుకొస్తే చాలు, అదే ఓటర్ కార్డు. కత్తుంటే బుర్ర కూడా ఉన్నట్టే కాబోలు.

కానీ మీ అసలు పనితనం చూడాలంటే అమెరికాలోని లూసియానా రాష్ట్రం 1898 రాజ్యాంగం చూడాలి. ఓటు కావాలా, చదవడం రాయడం రావాలి, లేదా ఆస్తుండాలి. సరే, వినడానికి పద్ధతిగానే ఉంది, కానీ తెల్లోళ్ళలోనూ చదువు రానోళ్ళు బోలెడుమంది, మరి వాళ్ళ గతేంటి? దానికో దారి పెట్టారు: 1867 జనవరి 1 నాటికి నీకో, మీ నాన్నకో, తాతకో ఓటుంటే నీకు పరీక్ష లేదు. ఆ తేదీకి అక్కడి నల్లజాతివాళ్ళ తాతలకి ఓటే లేదు. తాత ఓటేస్తే మనవడికి అక్షరాలు వచ్చేసినట్టట, ఎంత తెలివండీ మీది!

మీరు అసలే వద్దని నేననట్లేదు. ఆపరేషన్ థియేటర్‌లో మీరు ఉండి తీరాలి. ప్రాచీన గ్రీసులో ఏథెన్సోళ్ళకి ఈ తేడా తెలుసు, 500 మంది కౌన్సిల్‌ని లాటరీ తీసి పెట్టుకున్నారు గానీ సైన్యం నడిపే పదిమంది జనరల్స్‌ని మాత్రం ఎన్నుకున్నారు (ఆ లాటరీలో ఆడవాళ్ళ పేర్లు, బానిసల పేర్లు లేవు, అక్కడా దూరారన్నమాట మీరు). డ్యామ్ ఎలా కట్టాలో ఇంజినీరే చెప్పాలి, కరెక్టే. ఎవరి ఊరు మునగాలో కూడా ఆయనే చెప్తానంటే మాత్రం, మునిగేవాడు నోరు తెరవడానికి ఏ డిగ్రీ చూపించాలో మీరే సెలవియ్యాలి.

ఐర్లండ్‌లో నాయకులు ఏళ్ళ తరబడి ముట్టుకోడానికే భయపడ్డ అబార్షన్ విషయాన్ని, 2016లో మామూలు జనంలోంచి ఏరిన 99 మంది ముందు పెట్టారు. వాళ్ళు కూర్చుని నిపుణుల మాట విన్నారు, అనుభవించినోళ్ళ మాట కూడా విన్నారు, చట్టం మార్చాలన్నారు, 2018 రెఫరెండంలో 66.4 శాతం మంది సరేనన్నారు. కొంపలేం మునగలేదు.

ఇప్పుడు కొత్తగా కంప్యూటర్ వేషంలో వస్తున్నారని విన్నా, దానికైతే పక్షపాతం ఉండదట, నిర్ణయాలన్నీ దానికే అప్పజెప్పాలట. దానికి పాఠాలు చెప్పిందెవరో, మార్కులేసిందెవరో కాస్త కనుక్కుని రాయండి. తొందరేం లేదులెండి, ఆ తాతల రూల్ లాంటివి చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1915 దాకా చెప్పలేదు, మీ పనులు మెల్లగానే తెములుతాయని మాకూ అలవాటే.

ఇట్లు,
మీ పరీక్షకి హాల్ టికెట్ కూడా రానివాడు