ఫోన్ ఎత్తని రాత్రికి శిక్ష ఎన్నాళ్లు?

దేవరకొండ వైపు ఒక ఊరిలో బోర్లు అడుగంటి, బత్తాయి తోట నిలువునా ఎండి, మిత్తి అసలును మించిపోయాక ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ రాత్రి ఆయన హైదరాబాదులో ఉన్న కొడుకుకు ఫోన్ చేశాడు. నైట్ డ్యూటీలో ఉన్న కొడుకు ఎత్తలేదు. ఏడాది దాటినా అతనికి నిద్ర లేదు. ఎక్కడ రింగ్‌టోన్ వినిపించినా ఒళ్లు చల్లబడుతుంది. మిస్డ్ కాల్ చెరిగిపోకూడదని ఆ పాత ఫోన్‌ను చార్జింగులోనే ఉంచుతున్నాడు. "నాయినను నేనే చంపిన" అన్న మాట తప్ప అతని నోట మరో మాట రావడం లేదు. అతనికి ఏం చెప్పాలన్న విషయంలో, రైతు సంఘంలో జీవితం గడిపిన అన్నకూ, బడి పంతులమ్మగా రిటైరై ధ్యానం నేర్పుతున్న చెల్లెకూ మధ్య జరిగిన వాదం ఇది.

అన్న: చెల్లే, నేరుగానే అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. ఆ పిల్లవాడి తండ్రిని చంపింది మిత్తి, ఎండిన బోరు, గిట్టుబాటు కాని ధర. నువ్వేమో అతన్ని కూర్చోబెట్టి తన మీద తాను దయ చూపుకోమంటున్నావు. బయట జరిగిన అన్యాయాన్ని అతని లోపలి జబ్బుగా మార్చడం కాదా ఇది?

చెల్లె: అన్యాయం బయటిదేనని నువ్వూ అంటున్నావు, నేనూ అంటున్నాను. అనలేకపోతున్నవాడు అతనొక్కడే. అప్పుల లెక్కంతా అతనికి నోటికి వచ్చు, అయినా శిక్ష మాత్రం తనకే వేసుకుంటున్నాడు. నేను అతన్ని మొదటి రోజే కళ్లు మూసుకోమనలేదు. పాదాలు నేలకు ఆనించి, కిటికీలోంచి కనిపించే వేపచెట్టును చూస్తూ ఊపిరి గమనించమన్నాను. కొంత కుదుటపడ్డాక ఒకటే అడిగాను: ఇదే రాత్రి నీ స్నేహితుడికి ఎదురై ఉంటే, డ్యూటీలో ఉండి వాడు ఫోన్ ఎత్తలేకపోయి ఉంటే, వాడితో ఏమంటావు? "నీకేం ఎరుకరా, నువ్వు పనిల ఉంటివి గదా" అన్నాడు, తడుముకోకుండా. ఆ మాటే నీ పేరు పెట్టి నీకు చెప్పుకో అన్నాను. నోరు పెగల్లేదు, అన్నా. ఎదుటివాడికి అంత సులువుగా ఇచ్చినది తనకు ఇచ్చుకోవడానికి అతనికి చెయ్యి రావడం లేదు. ఆ చెయ్యి వచ్చేదాకా రోజూ కాసేపు కూర్చోవడమే నేను సాధన అంటున్నది.

అన్న: తప్పు చేశానన్న బాధ మనిషికి ఉండాలి. రేపు తాగి భార్యను కొట్టినవాడు కూడా నీ దగ్గరికి వచ్చి, తన మీద తాను దయ చూపుకొని, తేలిక మనసుతో ఇంటికి పోతాడు. అప్పుడు ఆ ఇల్లాలికి ఏం చెబుతావు?

చెల్లె: ఇది గట్టి ప్రశ్న. కొట్టినవాడికి తేలిక మనసు ఇవ్వడం నా పని కాదు, ఆ ఇల్లాలికి ముందు రక్షణ కావాలి. అయితే తనను తాను తిట్టుకోవడం మనిషిని బాగుచేస్తుందన్న నీ నమ్మకాన్ని మాత్రం నేను ఒప్పుకోను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బ్రైన్స్, చెన్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, పరీక్షలో దెబ్బతిన్నవారిలో తమ పట్ల కరుణతో ఆలోచించమని చెప్పించుకున్నవారే తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు. తాము చేసిన తప్పును గుర్తు చేసుకున్నవారిలోనూ, దాన్ని సరిదిద్దుకోవాలన్న కోరిక కరుణ చూపుకున్నవారిలోనే ఎక్కువగా కనిపించింది. తాగినవాడు తెల్లారి తల బాదుకొని ఏడ్చి, సాయంత్రం ఆ ఏడుపునే మరచిపోవడానికి మళ్లీ తాగడం నువ్వు చూడలేదా?

అన్న: ఎంత చెప్పినా అమెరికా సరుకే కదా, మన దుఃఖానికి వాళ్ల మందు.

చెల్లె: అమెరికా మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో స్వీయ కరుణను, అంటే తన మీద తాను చూపుకునే దయను, మూడు అంశాలుగా నిర్వచించింది: తన పట్ల మృదుత్వం, ఈ బాధ నా ఒక్కడిదే కాదన్న ఎరుక, బాధను పెంచకుండా, దాచకుండా ఉన్నదున్నట్టు చూడడం. ఆమె వాటిని తీసుకున్నది బౌద్ధ సాధన నుంచి. అదే బౌద్ధం ఇక్ష్వాకు రాజులు ఇక్కడ ఏలిన కాలంలో మన కృష్ణ ఒడ్డున, నాగార్జునకొండలో విహారాలు కట్టుకుంది. సూర్యాపేట వైపు ఫణిగిరి గుట్ట మీద దాని రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అన్న: ఆ నాగార్జునకొండ లోయను సాగర్ నీళ్లు ముంచాయి. శిల్పాలను జాగ్రత్తగా కొండ మీది మ్యూజియానికి చేర్చారు. ఊళ్లు పోయినవాళ్ల బతుకులను ఎవరు అంత జాగ్రత్తగా ఎత్తి పెట్టారు? కరుణ గురించి మాట్లాడే నేల మీద కూడా పేదవాడి వంతు అంతే.

చెల్లె: దానికి నా దగ్గర జవాబు లేదు. నువ్వన్నది నిజం.

అన్న: ఇంకొకటి ఉంది. పది రోజుల మౌన శిబిరానికి పోయి, కళ్లు మూసినప్పుడల్లా పాత భయమే ఎదురై, పోయినప్పటికంటే అధ్వాన్నంగా తిరిగొచ్చిన మనిషిని నేను చూశాను. దీనికి బాధ్యులెవరు?

చెల్లె: పంపినవాళ్లే. తీవ్రమైన మానసిక సమస్య ఉన్నవారు రావద్దని అలాంటి మౌన శిబిరాలు నడిపే విపశ్యన ధ్యాన కేంద్రాలే ముందుగా చెబుతాయి. దెబ్బ కొత్తగా ఉన్నప్పుడు దీర్ఘ మౌనం మందు కాదు. గాయపు జ్ఞాపకాలు వెంటాడేవారికి, ఆ జ్ఞాపకాల మీదే నేరుగా పనిచేసే మానసిక చికిత్సలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. అందుకే ఈ అబ్బాయితో మొదట 14416కు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేయించాను. తెలుగులోనే మాట్లాడారు, సైకియాట్రిస్టును కలవమన్నారు, కలిశాడు. నా సాధన ఆ చికిత్స పక్కన నడిచేదే గాని దాని బదులు పెట్టేది కాదు. ఇక వాళ్లమ్మ యాదగిరిగుట్టకు పోతానంటే నువ్వు వద్దన్నావట. అక్కడి స్వామిని వైద్య నరసింహుడని కొలుస్తారని, రోగులు మండలం పాటు ఉండి ప్రదక్షిణలు చేస్తారని నీకూ తెలుసు. తనలాంటి బాధతోనే వచ్చిన నలుగురి నడుమ, మాట్లాడవలసిన పని లేకుండా నడిచే చోటు ఆమెకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఊరిలో ఆమె ఎదురైతే జనం మొహం తిప్పుకుంటున్నారు.

అన్న: పోవద్దన్నది గుట్టకని కాదు. పోయిన చోట ఎవరో ఒకరు "మీ కర్మ అమ్మా" అంటారు. ఆ ఒక్క మాట అప్పిచ్చినవాడిని, ధర ఇవ్వనివాడిని, అందరినీ విడుదల చేసేస్తుంది.

చెల్లె: ఆ మాట నా ముందు ఎవరన్నా అక్కడే ఆపుతాను. బాధపడేవాడికి కర్మ గురించి చెప్పడం సాధన కాదు, క్రూరత్వం.

అన్న: సరే. అసలు విషయానికి వస్తాను. ప్రాణం తీసుకున్న రైతుల కుటుంబాల కోసం 2015లో వచ్చిన 194 జీవో ప్రకారం ఆ కుటుంబానికి ఆరు లక్షల సాయం అడిగే హక్కు ఉంది. దానికి ఆర్డీవో ఉండే త్రిసభ్య కమిటీ విచారణ జరగాలి. కాగితాలన్నీ నేను సిద్ధం చేశాను. కొడుకు మాత్రం ఆఫీసు గడప తొక్కడం లేదు. నువ్వు అతన్ని ధ్యానంలో కూర్చోబెడితే, ఆర్డీవో ముందు ఎవరు నిలబడతారు?

చెల్లె: ఎందుకు తొక్కడం లేదో అడిగావా? అక్కడ మొదటి ప్రశ్న "ఆ రాత్రి ఏం జరిగింది" అనే ఉంటుంది. ఫోన్ వచ్చింది, నేను ఎత్తలేదు అని చెప్పాలి. చెబితే అధికారులు కూడా తనదే తప్పని రాసుకుంటారని అతని భయం. ఇంకా లోతున మరొకటి ఉంది: నాయిన ప్రాణానికి వచ్చే పైసలు ముట్టే అర్హత తనకు లేదనుకుంటున్నాడు. నువ్వు కాగితాలు ఎన్నిసార్లు సరిచేసినా, ఆ తీర్పు అతని లోపల కొట్టివేయకపోతే సంతకం పడదు. నీ పోరాటానికి అడ్డం పడుతున్నది నా సాధన కాదు, అన్నా. అతను తనకు తాను వేసుకున్న శిక్ష.

అన్న: ఈ సంగతి నాతో అనలేదు.

చెల్లె: నువ్వు కాగితాల గురించే అడిగావు.

అన్న: విచారణ రోజు నువ్వు కూడా రావాలి. అతను మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో నాకు తెలియదు.

చెల్లె: వస్తాను. ఆ రాత్రి గురించి అతను ముందే నీకు ఒకసారి చెప్పగలిగితే మంచిది. నువ్వు మధ్యలో సలహా ఇవ్వకుండా వినాలి.

అన్న: వింటాను. ఆ తప్పు నీది కాదని మాత్రం చెప్పకుండా ఉండలేను.

చెల్లె: అతను ముగించాక చెప్పు.